తాడు మీద మూడో గొంతు

శుద్ధ విదియ

ఈ రాతపెట్టెను వకీలు జుబేదాగారు ఇచ్చి వెళ్లారు. నా వేళ్లు రాయలేవు కాబట్టి నోటితో చెబితే ఇదే రాసుకుంటుంది. మాటల్ని బడి పుస్తకంలోలా దిద్దడం దీనికి జబ్బు. నన్ను ఎంత కావాలంటే అంత దిద్దుకోమన్నాను. మా వాళ్ల మాటల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పాను.

నా పేరు మైలపల్లి దానమ్మ. ఊరు మెట్లపేట. సముద్రం కొండ మెట్లను ఒక్కొక్కటే మింగుతూ వస్తుంటే, మేం ఒక్కో మెట్టూ పైకి జరుగుతూ వచ్చాం. ఇక జరగడానికి చోటు లేక గోడ కట్టుకున్నాం. ఆ గోడకు నీళ్ల లోపల పడే పగుళ్లను రాయిపెరుగుతో పూడ్చే దండులో నేను పనిచేశాను. రాయిపెరుగంటే తినేది కాదు. పగులులో పూస్తే మర్నాటికి గట్టిపడి రాయైపోయే తెల్లటి ముద్ద.

నాకు వైకల్య భృతి రాదని మండలి తేల్చేసింది. దాని మీద మేం వేసుకున్న అప్పీలు ఈ నెల బహుళ అష్టమి నాడు విచారణకు వస్తుంది. అప్పటిదాకా నేను చేయలేకపోయిన పనులేమిటో, వాటిని నాకు ఎవరు చేసిపెట్టారో ఈ పెట్టెకు చెబుతూ ఉండాలట. అదే సాక్ష్యమట.

సరే, చెబుతున్నాను. ఈ రోజు పొద్దున్నే లేచాను. కప్పు మీద కరెంటు ఇచ్చే ఎండపలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. వాన నీళ్లు వడకట్టాను. వంట చేశాను. ఇబ్బందేమీ లేదు.

శుద్ధ చవితి

జుబేదాగారు వచ్చి విన్నారు. విని, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"దానమ్మగారూ, మీరు నా పక్షం అనుకున్నాను. అవతలి పక్షమని తెలియలేదు."

"ఉన్నదే సెప్పినానమ్మా."

ఆవిడ మా ఆయన కొర్లయ్య వైపు తిరిగారు. "పలకలు తుడిచిందెవరండీ?"

"నానే."

"నీళ్లు వడకట్టింది?"

"నానేనమ్మా. వొంట కూడా నానే సేసినాను. ఉప్పెంతెయ్యాలో పక్కన నిలబడి అది సెప్పింది." కాస్త ఆగి, నా మొహం చూసి, "బాగా సెప్పింది" అని కలిపాడు.

నేను నేల చూపులు చూశాను. ఆవిడ నా కుడిచేతికి చుట్టిన గుడ్డ విప్పమన్నారు. కమిలి, పొక్కులెక్కి ఉంది. కాలే మూకుడు మీద చెయ్యి ఆనించి ఉంచితే నాకు తెలియలేదు. వాసన వచ్చి కొర్లయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్క అబద్ధం కూడా నాకు వద్దు," అన్నారు జుబేదాగారు. "చెడ్డరోజును పెంచి చెప్పొద్దు. మంచిరోజు వస్తే అదీ చెప్పండి. కానీ ఇలా దాచిపెట్టారంటే మాత్రం నేనేం చేయలేను. దాచుకున్న నొప్పిని చూపించి కేసు గెలవడం నాకు చేతకాదు."

అందుకని ఈ రోజుది ఉన్నదున్నట్టు చెబుతాను. నా రవిక హుక్కులు కొర్లయ్య పెట్టాడు. జడ కొర్లయ్య వేశాడు, తాడు పేనినట్టు వేశాడు. స్నానం కొర్లయ్య చేయించాడు. దొడ్డికి వెళ్లొచ్చాక కూడా అతనే. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మంచినీళ్ల గ్లాసు కూడా తానై ముంచుకోని మనిషి. ఇది పెట్టెకు చెబుతుంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది. అతను గదిలో లేకుండా చూసి చెబుతున్నాను.

శుద్ధ సప్తమి

ఇదంతా ఎలా మొదలైందో కూడా చెప్పమన్నారు.

నీళ్లలోకి దిగేటప్పుడు మేం ఇనప తొడుగు వేసుకుంటాం. మన వేలు కదిలితే తొడుగు వేలు కదులుతుంది, పది మంది బలంతో కదులుతుంది. గోడ అదురంతా మాత్రం తిరిగి మన వేళ్లలోకే వస్తుంది. ఏళ్ల తరబడి ఆ అదురు తిని నా వేళ్లు మొద్దుబారాయి. ఒక రోజు నేను వేలు ఆడిస్తే తొడుగు ఆడలేదు. నా చెయ్యి దానికి చెయ్యిలా అనిపించలేదు. పనికిరావని గోడ ఆఫీసు నన్ను ఇంటికి పంపింది. పని చేయగలవని భృతి మండలి అంది. రెండు ఆఫీసులూ ఎదురెదురు వీధుల్లోనే ఉన్నాయి, ఒకదాన్నొకటి అడగొచ్చు. అడగలేదు.

మండలి వాళ్లకు కొలతగది ఒకటుంది. అందులో గ్లాసు ఎత్తమంటారు, బొత్తాం పెట్టమంటారు, తాళం తిప్పమంటారు. పరీక్ష అనగానే నేనేం చేశాను? ఇంట్లో వారం పాటు సాధన చేశాను. పంటితో, మోచేత్తో, చంకలో ఇరికించి, ఎలాగోలా గ్లాసు ఎత్తి చూపించాను. నెగ్గానని ఇంటికొచ్చి కొర్లయ్య చేత పాయసం కూడా కాయించాను. దండులో పనిచేసిన మనిషి పరీక్షలో ఓడిపోవడానికి వెళ్లడం ఎక్కడైనా ఉందా? తర్వాత వారానికి "పని చేయగలరు" అని ఆర్డరు వచ్చింది.

కొర్లయ్య పడవల స్టాండులో ఉచితంగా అర్జీలు రాసిపెట్టే యంత్రం దగ్గరికి వెళ్లి అభ్యంతరం రాయించుకొచ్చాడు. తన భార్య గొప్పతనం చెప్పమంటే అది చక్కగా చెప్పింది. "దానమ్మ అలుపెరగని శ్రామికురాలు, ఏ పనినైనా సాధించగల ధీర." మండలి వాళ్లు ఆ వాక్యాన్నే ఎత్తి చూపి దాన్నీ కొట్టేశారు. అప్పుడు వెళ్లాం జుబేదాగారి దగ్గరికి. అప్పీలు గడువు దాటిపోతుండగా వెళ్లాం. ఆవిడ ఆ అర్జీ చదివి నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు తాగారు. తర్వాత నరాల డాక్టరు దగ్గరికి తానే తీసుకెళ్లారు. ఆ డాక్టరు సూది పెట్టి వేళ్లన్నీ చూసి, ఉన్నదేమిటో రాసిచ్చాడు.

కానీ అసలు చిక్కు డాక్టరుతో తీరేది కాదు. పొద్దుటి పిలుపు ఉంది.

దండు నీళ్లలోకి దిగేముందు అందరినీ ఒకే తాడుకు కడతారు. కట్టాక వరసలో ఒక్కొక్కరూ గట్టిగా "బాగున్నా" అనాలి. ఒక్కరు అనకపోయినా గంట మోగి తాడు మొత్తం పైకి లేస్తుంది, ఆ పూట పని ఎవరికీ లెక్కకు రాదు, గోడ పగులు అలాగే ఉంటుంది. కాబట్టి ఎవరూ అనకుండా ఉండరు. జ్వరమొచ్చినా అంటారు, బిడ్డ పోయిన మర్నాడైనా అంటారు. దండులో చేరిన రోజు ముందు నేర్పేది తొడుగు వేసుకోవడం కాదు, ఇదే. ఊరికి ధైర్యంగా ఉంటుందని ఆ పిలుపును మైకులో వీధులన్నిటికీ వినిపిస్తారు. మొదట నూకాలప్ప, రెండు గురమ్మ, మూడు నేను. ఇంట్లో కూర్చున్నాక కూడా రోజూ నా వంతు రాగానే నా పెదవులు వాటంతట అవే కదులుతాయి. కొర్లయ్య చూడనట్టు నటిస్తాడు.

ఆ పిలుపులన్నీ మండలి దగ్గర దాచి ఉన్నాయట. ప్రతి పొద్దునా నా గొంతుతో నేనే చెప్పాను, బాగున్నానని.

శుద్ధ ఏకాదశి

"తాడు మనిషి ఒకరు వచ్చి, ఆ పిలుపు ఆచారమే తప్ప ఆరోగ్యం సంగతి కాదని చెప్పాలి," అన్నారు జుబేదాగారు. "మీరు చెబితే కేసు కోసం చెప్పారంటారు."

నూకాలప్ప ఇంటికి వెళ్లాను. నాకు తాడు కట్టడం నేర్పింది ఆవిడే. గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది. గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించి తాగుతోంది. నన్ను చూడగానే కొంగు చేతుల మీదికి లాక్కుంది.

"అప్పా, నీ సేతులు..."

"నోరుముయ్యి. ఏటి పనిమీద వొచ్చినావో సెప్పు."

చెప్పాను. చెబుతుంటే నాకే నా గొంతు అప్పు అడిగే వాళ్ల గొంతులా వినిపించింది.

"అది ఉత్తిమాటని నాను సెప్పాలా?" అంది నూకాలప్ప. "సెప్తే ఏటవుద్దో తెల్దా నీకు? రేపొద్దున గోడాఫీసోళ్లొచ్చి మా అందరి ఏళ్లూ సూత్తారు. ఎంతమంది మిగుల్తారనుకున్నావు? గురమ్మకి ముగ్గురు పిల్లలు. గోడకి ఆ పగులు ఎవులు పూడుత్తారు, నీ వకీలమ్మా?"

నేను ఆవిడ కొంగు కేసే చూస్తున్నాను.

"నీకొక్కదానికి భృతి రావాలని మా అందరి నోట్లోనూ మట్టి కొడతావేటే దానీ?"

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. "అష్టమి నాడు వొత్తాం. సాచ్చికానికి కాదు. తాడోళ్లు ఒక్కలూ ఒంటరిగా ఏ ఆపీసుకీ ఎల్లరు. ఎనకాల కూకుంటాం, అంతే."

ఆ మాట ఆవిడ తిట్టుకన్నా ఎక్కువ కోసింది. ఇంటికొచ్చేదాకా ఎవరి మొహమూ చూడలేకపోయాను.

పున్నమి

పెద్ద పోటు. నీళ్లు వీధి చివరి మెట్టు దాకా వచ్చి వెళ్లాయి. దండు రెండు పూటలా దిగింది. పొద్దున్న పిలుపులో నూకాలప్ప గొంతు ఎప్పటిలాగే గంట కొట్టినట్టుంది. ఆ చేతులు చూశాక ఆ గొంతు వినడం కష్టమైంది. నా స్థానంలోకి ఇంకా ఎవరినీ తీసుకోలేదు. గురమ్మ అన్నాక ఒక్క ఊపిరి ఆగి నాలుగో మనిషి అంటాడు. ఆ ఊపిరి నాది.

ఈ రోజు చేయలేకపోయినవి: బియ్యంలో రాళ్లు ఏరలేకపోయాను. బకెట్టు ఎత్తబోయి వారగా పడేశాను, పక్కింటి వాళ్ల గుమ్మం దాకా నీళ్లు పోయాయి. వాళ్లు ఏమీ అనలేదు. పైగా తుడిచిపెట్టారు. అనుంటే బాగుండేది.

సాయంత్రం జుబేదాగారితో అప్పీలు వెనక్కి తీసుకుందామన్నాను. దండు సంగతి చెప్పాను. నూకాలప్ప చేతుల సంగతి చెప్పలేదు, ఆ మాటలు ఎవరికీ వినిపించొద్దని పెట్టెకూ చెప్పాను. అది చెప్పుకోవలసింది ఆవిడ.

జుబేదాగారు కోప్పడలేదు. "మీ దండులో వాళ్ల పేరు ఒక్కటి కూడా నా నోట రాదు, మాటిస్తున్నాను. నేను పోరాడేది మీ చేతుల కోసం. వెనక్కి తీసుకుంటే ఏం తింటారు?"

"మావున్నాడు కదమ్మా."

"ఆయన మీకు వంట చేస్తూ, స్నానం చేయిస్తూ, వలలు అల్లే పనికి ఎప్పుడు వెళతారు? నెల్లాళ్లుగా వెళ్లారా?"

వెళ్లలేదు. నాకు తెలుసు. ఇంట్లో డబ్బాలు అడుగంటాయని కూడా తెలుసు. మూత తీసి చూడకుండా తిరుగుతున్నాను, అంతే.

కొర్లయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "నాను సెప్తానమ్మా మండలిలో," అన్నాడు. "నీళ్లు పోసేదీ, దొడ్డికి తీసికెల్లేదీ, అన్నీ సెప్తాను. నాకేటి సిగ్గు?" అన్నాడు గానీ, చెవులు ఎర్రగా అయ్యాయి.

బహుళ అష్టమి

పొద్దున్నే పడవెక్కాం. మండలి హాలు కొండ నెత్తిన ఉంది, ఉప్పు వాసన రాదు. తాడు వాళ్లంతా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే నూకాలప్ప, గురమ్మ, మధ్యలో నా చోటు ఖాళీ, ఆ తర్వాత మిగతావాళ్లు, అదే వరసలో. బల్ల చివర చక్రాల కుర్చీలో పోలయ్య బాబాయి. ఒకప్పుడు తాడుకు ఆఖరి మనిషి ఆయన. చాలా ఏళ్ల కిందట గోడరాయి మీద పడి నడుము విరిగింది. దండును వదిలిపెట్టడు. రోజూ పిలుపు వేళకు గోడ గట్టు మీదికి వచ్చి కూర్చుంటాడు.

అధ్యక్షుడు మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. డాక్టరు కాగితం చదివాడు, ఈ రాతపెట్టె చెప్పింది విన్నాడు. నా దొడ్డి సంగతి హాలంతా వినిపిస్తుంటే నేను పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాను. తర్వాత కొర్లయ్య లేచాడు. చెబుతానన్నవన్నీ చెప్పాడు. మధ్యలో ఒకసారి ఆగి, నీళ్లు తాగి మళ్లీ చెప్పాడు. కట్టుకున్న మనిషిని ఇందుకా తెచ్చాను ఇక్కడికి అనిపించింది.

"అంతా బాగానే ఉందమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "కానీ ఒక్కటే సందేహం. పని మానేసే రోజు దాకా ప్రతి ఉదయం మీరేమన్నారో మీరే వినండి."

గుమాస్తా మీట నొక్కాడు. హాల్లో సముద్రం హోరు వినిపించింది. ఆ వెనకే నూకాలప్ప గొంతు.

"బాగున్నా!"

తర్వాత గురమ్మ. "బాగున్నా!"

గుమాస్తా అక్కడ ఆపాడు. "దీని తర్వాత వచ్చేది మీ గొంతు. జాగ్రత్తగా వినండి," అని చెప్పడానికి ఆపాడు. ఆ మాట అతని నోట్లో ఉండగానే నా నోరు తెరుచుకుంది.

"బాగున్నా!"

నీళ్లలోకి దిగేముందు ఎంత గట్టిగా అంటానో అంత గట్టిగా అన్నాను. అన్నాక తెలిసింది ఏం చేశానో. తల తీసేసినట్టయింది. నా కేసును నా నోటితోనే ముంచేశాను. కొర్లయ్య కళ్లు మూసుకున్నాడు.

అంతలో వెనక నుంచి నాలుగో మనిషి అన్నాడు. "బాగున్నా!" ఐదో మనిషి అన్నాడు. బల్ల పొడుగునా ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ ఎవరినీ చూడకుండా, ముందుకు చూస్తూ అన్నారు. చిట్టచివర చక్రాల కుర్చీలోంచి, అందరికన్నా గట్టిగా, పోలయ్య బాబాయి.

"బాగున్నా!"

మా వాళ్లకు కూడా ఏమన్నారో అప్పుడే తెలిసింది. గురమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జుబేదాగారు మెల్లగా లేచారు. "అయ్యా, చివర మాట్లాడిన పెద్దాయన ఎవరో మండలికి తెలుసు. ఆయనకు పూర్తి వైకల్య భృతి ఇస్తున్నది మీరే. ఆయన్ను ఒక్క మాట అడగడానికి అనుమతి కావాలి."

అధ్యక్షుడు తానే అడిగాడు. "ఏం పెద్దాయనా, మీరు బాగున్నారా?"

"నానా?" పోలయ్య బాబాయి కంగారు పడ్డాడు. "నడుం కింద ఏదీ నాది కాదు బాబూ. బాగుండడమేటి?"

"మరి ఇప్పుడే బాగున్నానన్నారు?"

"వొంతు వొచ్చింది, అన్నాను. వొంతొచ్చినాక అనకుండా ఎలగుంటాం?"

జుబేదాగారు ఇంకేమీ అడగలేదు, కూర్చున్నారు. ఎవరి చేతుల సంగతీ ఎత్తలేదు, మాట నిలబెట్టుకున్నారు. అధ్యక్షుడు చాలాసేపు కాగితాలు తిరగేశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నూకాలప్ప చేతులు రెండూ కొంగు కింద దాచుకుని, తల వంచుకుని కూర్చుంది. ఆవిడ అలా తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. నా వల్లే వంగింది.

అమావాస్య

ఆర్డరు వచ్చింది. భృతి మంజూరైంది, పని మానేసిన రోజు నుంచి లెక్కగట్టి ఇస్తారట. "ఉదయపు పిలుపును ఆరోగ్యానికి రుజువుగా తీసుకోలేము" అని అందులో రాశారట. జుబేదాగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. ఇక పెట్టెకు చెప్పనక్కర్లేదు, అలవాటైతే ఉంచుకోమన్నారు.

కొర్లయ్య పాయసం కాశాడు. తినిపించబోతే రెండు చెంచాలతో చాలన్నాను. గెలిచిన ఆనందం నాకు లేకపోలేదు, ఉంది. దాని మీద సిగ్గు కూర్చుని లేవనంటోంది. నూకాలప్ప ఇటు రాలేదు. నేను అటు వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నా చేతులు మండలి లెక్కలో చెడ్డవయ్యాయి, అన్నం పెడుతున్నాయి. ఆవిడ చేతులు అంతే చెడ్డవి, రోజూ నీళ్లలోకి దిగుతున్నాయి.

శుద్ధ పాడ్యమి

ఈ రోజు చేయలేకపోయిన పని ఏమిటో చెప్పను. చేసిన పని చెబుతాను.

పొద్దున్న కొర్లయ్య అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ పట్టాడు. వీధిలో ఆడవాళ్లు వాన నీళ్ల పంపు దగ్గర వరస కట్టి ఉన్నారు. మైకులో సముద్రం హోరు మొదలైంది. పిలుపు వేళ. నేను పెదవులు గట్టిగా బిగించుకున్నాను, ఈసారి కదలనివ్వకూడదని.

నూకాలప్ప గొంతు రాలేదు. హోరు ఒక్కటే వినిపిస్తోంది. పంపు దగ్గర బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. ఇన్నేళ్లలో ఆ గొంతు ఆలస్యం కావడం ఊరు ఎరగదు.

అప్పుడు వచ్చింది.

"బాగోనేదు."

గట్టిగా లేదు, మెల్లగా కూడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. వెంటనే గంట మోగాలి, తాడు పైకి లేవాలి. మోగలేదు. ఆ మాట ఎప్పుడూ వినని తాడు లాగేవాడు, పాపం, ఏం చేయాలో తెలియక నిలబడిపోయి ఉంటాడు. ఆ వ్యవధిలో గురమ్మ గొంతు వచ్చింది, ఏడుస్తూ. "బాగోనేదు."

ఆ తర్వాత ఒక్క ఊపిరి ఖాళీ.

కాఫీ గ్లాసు నా నోటి దగ్గర పట్టుకుని కొర్లయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. ఈసారి చూడనట్టు నటించలేదు. పంపు దగ్గర వాళ్లంతా ఇటే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే, మొద్దుబారిన రెండు చేతులూ కొంగులోంచి బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని, గోడ దాకా వినబడేంత గట్టిగా నా వంతు నేను పలికాను.

"బాగోనేదు!"